ఇంట్లో ఒకరికి ఫిట్స్ వస్తుంటే: కుటుంబం ఎలా గమనించాలి, ఏం రాసిపెట్టుకోవాలి?

ఫిట్స్‌కి మందులు రాసే డాక్టరు, తన పేషెంటుకి ఫిట్ వస్తుండగా చూడటం చాలా అరుదు. అది వచ్చేది ఇంట్లో, తెల్లవారుజామున నిద్రలో, లేదంటే స్నానం చేస్తున్నప్పుడు. ఆసుపత్రికి చేరేసరికి మనిషి మామూలుగానే ఉంటారు. ఈఈజీ పరీక్ష తలకు వైర్లు పెట్టిన ఆ ఇరవై, ముప్పై నిమిషాల్లో మెదడులో నడిచిన విద్యుత్తును మాత్రమే నమోదు చేస్తుంది. అందుకే మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా ఒక్కోసారి రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అందుకని డాక్టరు మొదట అడిగేది "వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు? ఎలా వచ్చింది?" అనే. ఆ జవాబు మన దగ్గరే ఉండాలి.

మా తమ్ముడికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు "ఎంతసేపు వచ్చింది?" అని డాక్టరు అడిగితే "పావుగంట ఉంటుంది" అన్నాను. నిజంగా అలాగే అనిపించింది. రాత్రి ఫోన్ చూసుకుంటే, వాడు కింద పడగానే నాన్నకి చేసిన కాల్ 1 నిమిషం 40 సెకన్లు ఉంది. నాన్నతో మాట్లాడుతుండగానే వాడి ఒళ్ళు వదులైన సంగతి గుర్తుంది. భయంలో నిమిషం పావుగంటలా తోస్తుంది. ఆ తేడా వైద్యంలో చిన్న విషయం కాదు. అప్పటినుంచి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు. మెదడు కణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. ఆ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చేదే ఫిట్. ఒక్కసారి ఫిట్ వచ్చినంతమాత్రాన మూర్ఛ వ్యాధి అనరు. జ్వరం, షుగర్ పడిపోవడం లాంటి తక్షణ కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు వస్తే అంటారు. ఒక్కసారే వచ్చినా, మళ్ళీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే కూడా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. సరిగ్గా గుర్తించి మందులు వాడితే వాళ్ళలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ఇది అంటుకునే జబ్బు కాదు, పిచ్చి అంతకన్నా కాదు.

1. ఏది ఫిట్టో గుర్తుపట్టండి

కింద పడి, ఒళ్ళు బిగుసుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం అందరికీ తెలిసినదే. కనిపెట్టలేక వదిలేసే రకాలు వేరే ఉన్నాయి. పిల్ల చదువుతూ చదువుతూ పది సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్ళీ ఏమీ జరగనట్టు చదువు కొనసాగిస్తుంది. టీచరు దాన్ని పరధ్యానం అనుకుంటారు. పరధ్యానమైతే భుజం తట్టగానే తేరుకుంటారు, ఈ రకం ఫిట్‌లో తేరుకోరు. ఇంకో రకంలో మనిషి కూర్చునే ఉంటారు, కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు లాగుతూ, పిలిస్తే పలకకుండా ఒకటి రెండు నిమిషాలు ఉండిపోతారు. పొద్దున్న లేవగానే చేతులు ఒక్కసారిగా ఎగిరిపడి చేతిలోని కప్పు జారిపోతుంటే, అది పదేపదే జరుగుతుంటే, దాన్నీ డాక్టరుకి చెప్పాలి. ఇవన్నీ చెప్పకపోతే పెద్ద ఫిట్స్‌కి మాత్రమే వైద్యం జరుగుతుంది.

2. ఫిట్ మొదలవగానే టైమ్ చూడండి

ఏం చేసినా ముందు గడియారం చూడండి, లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. తర్వాత చుట్టుపక్కల తగిలే వస్తువులు జరిపి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్నది వదులు చేయండి. వీలైనంత త్వరగా ఒక పక్కకు తిప్పండి. నోట్లోని నురగ, లాలాజలం బయటికి కారిపోయి ఊపిరికి అడ్డుపడదు.

నోట్లో ఏమీ పెట్టొద్దు. చెంచా వద్దు, గుడ్డ వద్దు, వేలు అసలే వద్దు. నాలుక మింగేస్తారన్న భయం అక్కర్లేదు, అది జరగదు. నాలుక కరుచుకుంటే ఆ గాయం మానిపోతుంది. అదే నోట్లో పెట్టిన చెంచా వల్ల పన్ను విరిగి గొంతులోకి వెళితే ప్రాణం మీదికొస్తుంది. కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు, మాత్రలు తాగించొద్దు. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఈ నాలుగు మాటలూ నేర్పండి, ఎందుకంటే ఆ సమయానికి పక్కన ఎవరుంటారో చెప్పలేం.

చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. 5 నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ, అంబులెన్స్‌ని పిలవండి. తెలివి రాకుండానే రెండోది మొదలైనా, ఇది జీవితంలో మొదటి ఫిట్ అయినా, నీళ్ళలో వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, గర్భిణి అయినా, షుగర్ ఉన్న మనిషైనా 5 నిమిషాలు ఆగొద్దు. కొట్టుకోవడం ఆగాక కూడా ఊపిరి తీసుకోకపోతే అంబులెన్స్‌కి చెప్పి వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద లయగా నొక్కడం) మొదలుపెట్టాలి. కొందరికి డాక్టరు ముందే ముక్కులో కొట్టే మిడాజోలమ్ స్ప్రే లాంటి అత్యవసర మందు రాసిస్తారు. అది ఏ నిమిషానికి, ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకుని మందుతోనే ఉంచండి. ఆ కంగారులో ఏదీ గుర్తురాదు.

పడిపోకుండా, తెలివి లేకుండా ఇల్లంతా తిరిగే రకం ఫిట్ అయితే పట్టుకుని ఆపకండి. తలుపులు, మెట్లు, పొయ్యి వైపు వెళ్ళకుండా మెల్లగా దారి మళ్ళించండి. లాగితే భయంతో విదిలిస్తారు.

3. మొదటి పది సెకన్లు కళ్ళలో పెట్టుకోండి

ఈ మెట్టు గురించి ఎవరూ చెప్పరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఫిట్ మెదడులో ఒకచోట మొదలై ఒళ్ళంతా పాకిందా, మొదటినుంచీ రెండు వైపులా ఒకేసారి వచ్చిందా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. పెద్దగా కొట్టుకోవడం మొదలయ్యాక అన్ని ఫిట్స్ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది మొదట్లోనే.

తల ఎటు తిరిగింది? కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా? ఏ చెయ్యి ముందు బిగుసుకుంది? దానికి ముందు కడుపులో తిప్పినట్టుందనో, ఏదో వాసన వచ్చిందనో, భయమేసిందనో అన్నారా? ఫిట్ మధ్యలో పేరు పెట్టి పిలవండి, పలుకుతారేమో చూడండి. ఆగాక ఏ వైపైనా చెయ్యి, కాలు బలహీనంగా ఉందా, మాట తడబడుతోందా గమనించండి. తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందన్నది విడిగా లెక్కపెట్టండి. ఫిట్ రెండు నిమిషాలే అయినా ఆ తర్వాతి మగత, అయోమయం అరగంట ఉండొచ్చు. ఈ రెండూ కలిపేసి చెప్పడం వల్లే నాలాంటి పొరపాటు జరుగుతుంది.

4. ఇంకొకరుంటే వీడియో తీయించండి

ఒకరు పక్కన కూర్చుని చూసుకోవాలి, ఇంకొకరు ఫోన్ పట్టుకోవాలి. ఒక్కరే ఉంటే వీడియో సంగతి మర్చిపోయి మనిషిని చూసుకోండి. ముఖంతో పాటు ఒళ్ళంతా కనిపించాలి, లైటు వేయాలి, దుప్పటి తీయాలి. ఆగిపోగానే వీడియో ఆపేయకుండా, తేరుకుని మాట్లాడేదాకా తీయండి. చూడటానికి ఫిట్‌లాగే ఉండి నిజానికి మూర్ఛ కానివి ఉంటాయి. గుండెకి సంబంధించిన సొమ్మసిల్లడం ఒకటి, మానసిక ఒత్తిడి వల్ల వచ్చేవి ఇంకొకటి. వాటికి వైద్యమే వేరు. మంచి వీడియో ఒక్కటుంటే న్యూరాలజిస్టుకి ఆ తేడా పట్టుకోవడం తేలికవుతుంది. అయితే ఇలా తీస్తామని ఆ మనిషికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, డాక్టరుకి తప్ప ఎవరికీ పంపకండి.

5. డైరీ రాయండి

ఖరీదైన యాప్ ఏదీ అవసరం లేదు, నోట్‌బుక్ చాలు. మా ఇంట్లో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"మార్చి 3, ఉదయం 5:50. నిద్రలో. కేక లాంటి శబ్దం విని వెళ్ళాం, మొదలు చూడలేదు. వెళ్ళేసరికి తల కుడివైపు తిరిగి, కుడిచెయ్యి బిగుసుకుని ఉంది. తర్వాత ఒళ్ళంతా కొట్టుకుంది. మేం చూసినప్పటినుంచి 1 నిమిషం 20 సెకన్లు. నాలుక పక్కన కరుచుకున్నాడు. 6:15కి సరిగ్గా మాట్లాడాడు. ముందు రాత్రి 1 గంటకి పడుకున్నాడు. మాత్ర వేసుకున్నాడు."

"మొదలు చూడలేదు" అని రాయడం తప్పు కాదు. ఊహించి రాయడమే తప్పు. నిద్ర, జ్వరం, మరచిన డోసు, మద్యం, కొత్తగా వాడిన మందులు, ఆడవాళ్ళయితే నెలసరి తేదీలు కూడా రాయండి. మూడు నాలుగు నెలలకి ఒక వరస కనిపిస్తుంది. మా తమ్ముడికి నిద్ర తగ్గిన మర్నాడే వస్తున్నాయని డైరీ తిరగేసేదాకా మాలో ఎవరికీ తట్టలేదు. మెరిసే లైట్ల వల్ల వస్తాయని అందరికీ టీవీ మాన్పిస్తారు గానీ, ఆ ఇబ్బంది ఉండేది మూర్ఛ ఉన్నవాళ్ళలో సుమారు 3 శాతం మందికే.

6. మాత్రల లెక్క తప్పనివ్వకండి

రోజుల పేర్లున్న మాత్రల డబ్బా పెట్టుకుంటే వేసుకున్నారా లేదా అన్న వాదన ఉండదు. ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి డబ్బా మీద రాసిపెట్టండి. సొంతంగా రెండు డోసులు కలిపి వేయకండి. ఏడాదిగా ఫిట్స్ లేవు కదా అని మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు గర్భం రాకముందే డాక్టర్ని కలవాలి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకి హాని చేయగలదు, కానీ దాన్ని కూడా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, సర్జరీ లాంటి దారుల గురించి మూర్ఛ నిపుణులున్న పెద్ద ఆసుపత్రిలో అడగండి. ఏళ్ళ తరబడి మందులు మారుస్తూ కూర్చోవద్దు.

7. రాత్రిపూట

చెప్పడానికి కష్టమైన మాటే గానీ చెప్పాలి. మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళలో ఏడాదికి వెయ్యి మందిలో సుమారు ఒకరు హఠాత్తుగా చనిపోతారు, ఎక్కువగా నిద్రలో. పిల్లల్లో ఇది ఇంకా అరుదు. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్ అదుపులో లేనివాళ్ళకి ముప్పు ఎక్కువ. కాబట్టి అలాంటివాళ్ళు రాత్రి ఒంటరిగా పడుకోకపోవడం మంచిది. అదే గదిలో కాకపోయినా శబ్దం వినిపించే దూరంలో ఒకరుండాలి, లేదా పసిపిల్లలకి వాడే సౌండ్ మానిటర్ పెట్టుకోవచ్చు. కొట్టుకోవడాన్ని పసిగట్టి అలారం పంపే చేతి గడియారాలు కూడా వచ్చాయి. అవి పెద్ద ఫిట్స్‌నే పట్టగలవు, శూన్యంలోకి చూసే రకాన్ని పట్టలేవు. ఒక్కోసారి పళ్ళు తోముకుంటున్నా మోగుతాయి. మనిషి తోడుకి అదనంగా వాడుకోండి.

ఇంట్లో మార్పులు కొన్ని చాలు. స్నానాల గదికి లోపల గొళ్ళెం వద్దు, తొట్టి స్నానం వద్దు, మంచం ఎత్తు తక్కువగా ఉండాలి, పొయ్యికి వెనకవైపు బర్నర్ ఉంటే దాని మీదే వండాలి.

8. వాళ్ళనే అడగండి

ఇదంతా చేస్తూ మేం మొదట్లో తమ్ముడి వెనకే నీడలా తిరిగాం. వాడికి ఊపిరాడలేదు. ఒకరోజు డైరీ వాడి చేతికిచ్చి, ఫిట్ వచ్చాక నీకేం కావాలో నువ్వే రాయమన్నాం. నాలుగు లైన్లు రాశాడు. కళ్ళు తెరవగానే చుట్టూ అందరూ ఉండొద్దు, ఒక్కరు చాలు. ఎక్కడున్నానో, ఎంతసేపు వచ్చిందో చెప్పండి. బట్టలు తడిస్తే ఎవరూ చూడకముందే దుప్పటి కప్పండి. తర్వాత నన్ను నిద్రపోనివ్వండి. ఆ కాగితాన్ని మా ఇంట్లో అత్యవసర మందు పక్కనే అతికించాం.