చలికాలపు ఘాట్ ప్రయాణానికి ముందు: పాత చిన్న కారుకు అదనపు లైట్లు బిగించేవారికి జాగ్రత్తలు

కార్తీక మాసపు వనభోజనాల సందడి ముగిసేసరికి విశాఖపట్నంలో మంచు ప్రయాణాల కాలం మొదలవుతుంది. తెల్లవారకముందే కొండ మీద ఉండాలన్న కోరికతో అర్ధరాత్రి దాటాక బయలుదేరి, పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకుకు వెళ్లేవారూ, నర్సీపట్నం మీదుగా లంబసింగికి వెళ్లేవారూ డిసెంబరు, జనవరి నెలల్లో చాలామంది కనిపిస్తారు. వారిలో ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, మోరిస్ మైనర్ వంటి పాత కార్లను ప్రేమగా కాపాడుకుంటున్నవారికి ఈ సమయంలో తప్పకుండా వచ్చే ఆలోచన ముందు బంపర్ మీద మరో రెండు లైట్లు బిగించుకోవడం. లైటు బిగించడం అరగంట పని. ప్రమాదమంతా దాని వెనుక ఉన్న తీగలో, స్విచ్చులో, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే డైనమోలో ఉంటుంది.

ఈ మాట అనుభవం మీద రాస్తున్నాను. కొన్నేళ్ల క్రితం నా పద్మినికి రెండు హాలోజెన్ లైట్లు పెట్టించినప్పుడు, ఎలక్ట్రీషియన్ హెడ్‌లైటు తీగ నుంచే నేరుగా కనెక్షన్ ఇచ్చాడు. లైట్లు బాగా వెలగడంతో నేనూ అడగవలసినది అడగలేదు. అనంతగిరి ఘాట్‌లో సగం దూరం ఎక్కాక రబ్బరు కాలిన వాసన వచ్చింది. బండి పక్కకు ఆపి, బ్యాటరీ తీగ ఊడదీసి, టార్చి వేసి చూస్తే స్టీరింగు కింద లైట్ల స్విచ్చుకు వెళ్లే తీగ మీది తొడుగు మెత్తబడి గోధుమరంగుకు తిరిగి ఉంది. వెనుక సీటులో మా అబ్బాయి నిద్రపోతున్నాడు. అప్పటి నుంచి ఎవరు లైట్ల గురించి అడిగినా ముందు లెక్క వేయమనే చెబుతున్నాను.

ఆ లెక్క కష్టమైనది కాదు. 55 వాట్ల బల్బులు రెండు కలిస్తే 110 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, వెనుక లైట్లు, నంబరు ప్లేటు లైటు కలిసి మరో 9 లేదా 10 ఆంపియర్లు తీసుకుంటాయి. వైపర్ మోటారు, ఇగ్నిషన్ కాయిల్ కలిస్తే ఇంకో 6 లేదా 7. మొత్తం 25 ఆంపియర్ల దగ్గరకు వస్తుంది. మోరిస్ మైనర్, మినీ వంటి కార్లలో వచ్చిన లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇవ్వగలిగినది 22 ఆంపియర్లు మాత్రమే, అది కూడా ఇంజన్ తగినంత వేగంగా తిరిగినప్పుడు. ఘాట్ మలుపుల్లో, మంచులో బండి నెమ్మదిగా పాకుతున్నప్పుడు డైనమో ఇచ్చేది అంతకన్నా చాలా తక్కువ. ఆ లోటును బ్యాటరీ భరిస్తుంది, గంటా గంటన్నర తర్వాత లైట్లు ఎర్రబడతాయి. ఇటువంటప్పుడు డైనమోను అదుపు చేసే రెగ్యులేటర్‌ను తిప్పి దాని నుంచి ఎక్కువ రాబట్టాలని చూడటం డైనమో లోపల తిరిగే తీగచుట్టను, అంటే ఆర్మేచర్‌ను, కాల్చుకోవడమే అవుతుంది. డైనమో ఉన్న కారుకు తక్కువ వాట్ల లైట్లు ఎంచుకోవాలి, లేదా నెమ్మది వేగంలోనూ ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్‌కు మారాలి. మూడో దారి నాకు కనిపించలేదు.

అసలు అదనపు లైట్లు అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఫిలమెంట్ బల్బుకు చేరే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. నలభై, యాభై ఏళ్ల నాటి తీగలు, తుప్పుపట్టిన ఎర్త్ పాయింట్లు (తీగలు కారు బాడీకి కలిసే చోట్లు) ఉన్న కారులో ఈ నష్టం సాధారణం. సముద్రపు గాలి తగిలే లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఆరుబయట నిలిపే బండ్లలో ఇది మరీ ఎక్కువ. అందుచేత మొదట ఇంజన్ నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ వద్ద, బల్బు వెనుక మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎర్త్ పాయింట్లను గీకి శుభ్రం చేసి, హెడ్‌లైట్లకే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చులు) పెట్టించండి. ఆ తర్వాత అదనపు లైట్లు వద్దనుకున్నవారిని నేను చూశాను.

అయినా కావాలనుకుంటే, ఏ లైటు దేనికో తెలిసి కొనాలి. దూరానికి వెలుగు చిమ్మే డ్రైవింగ్ లైటు పొడి రాత్రిలో, తిన్నని రోడ్డు మీద పనికొస్తుంది. మంచులో దాన్ని వేస్తే ఎదుట తెల్లటి గోడ లేచినట్టై ఉన్న చూపు కూడా పోతుంది. మంచు కోసం కావలసినది ఫాగ్ లైటు. దాని వెలుగు పైన కత్తిరించినట్టుగా ఆగి, వెడల్పుగా, నేల మీద పరుచుకుంటుంది. అందుకే దాన్ని బంపర్ కింద వీలైనంత దిగువన బిగిస్తారు. మన ఘాట్ల కోసం ఒకే జత పెట్టదలచినవారికి నా సలహా ఫాగ్ లైట్లే. ఎల్‌ఈడీ రకాలు ఒక్కొక్కటి 20 వాట్ల లోపే తీసుకుంటాయి కాబట్టి డైనమోకు తేలిక. అయితే వెలుగుకు కత్తిరింపు లేని చౌక ఎల్‌ఈడీ పట్టీలు ఎదుటివారి కళ్లను కొడతాయి గనుక వాటిని దగ్గరకు రానివ్వకూడదు. పాత మోరిస్ మైనర్ల వంటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిసి ఉంటుంది. మామూలు బల్బుకు దానితో పేచీ లేదు కానీ, ఎల్‌ఈడీ లైటు తిరగబడిన కనెక్షన్‌తో వెలగదు, పాడైపోవచ్చు కూడా. దాని లోహపు తొడుగు నెగెటివ్‌కు కలిసి ఉండి బాడీకి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ఇక వైరింగ్. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగల్లో బాడీకి బిగించి ఉన్నదాన్ని, అది ప్లస్ అయినా మైనస్ అయినా, మొదట ఊడదీయాలి. లైట్లకు వెళ్లే కరెంటు పాత స్విచ్చు గుండా ఎంతమాత్రం వెళ్లకూడదు. అది రిలే గుండానే వెళ్లాలి. నాలుగు కాళ్ల 12 వోల్టుల రిలేలో 30వ నంబరు కాలుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా కొత్త తీగ రావాలి, 87 నుంచి లైట్లకు వెళ్లాలి, 85, 86 కాళ్లలో ఒకటి ఎర్త్‌కు, మరొకటి స్విచ్చుకు చేరాలి. అప్పుడు స్విచ్చు మోసేది ఆంపియర్‌లో ఐదో వంతు మాత్రమే. పై లెక్కలోని 9 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగకు ఏ రక్షణా లేదు. ఇనుప రేకు గుండా తీగ వెళ్లే ప్రతి రంధ్రానికీ తీగ ఒరుసుకోకుండా కాపాడే రబ్బరు వలయం, అంటే గ్రోమెట్, తప్పనిసరి. ఉత్త చేత్తో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటును ఒప్పుకోవద్దు, చేసేవారు ఎంత అనుభవజ్ఞులైనా సరే. డ్రైవింగ్ లైట్ల రిలేకు వచ్చే సంకేతం హై బీమ్ తీగ నుంచి తీసుకుంటే, డిమ్ చేయగానే అవి కూడా ఆరిపోతాయి. ఎదురుగా ఆర్టీసీ బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు రెండో స్విచ్చు కోసం తడుముకునే వ్యవధి ఉండదు.

చట్టం సంగతి కూడా మరవకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ముందు లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లు చెదిరేలా ఉండకూడదని చెబుతుంది. 111వ నిబంధన ప్రత్యేక అనుమతి లేకుండా స్పాట్ లైట్లు బిగించడాన్ని నిషేధిస్తుంది. 50 ఏళ్లు దాటిన కారును 2021 నాటి సవరణ కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలనుకుంటే, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కనుక బాడీకి గానీ క్రోమ్ బంపర్‌కు గానీ కొత్త రంధ్రం వేయవద్దు. బంపర్‌ను పట్టి ఉంచే బోల్టులకే బ్రాకెట్ తగిలిస్తే, రేపు విప్పేసినా కారు మీద మచ్చ ఉండదు. లైట్లు గ్రిల్‌కు అడ్డంగా రాకుండా చూసుకోవాలి. చిన్న కారు రేడియేటర్‌కు అందే గాలి అసలే తక్కువ, అనంతగిరి ఎక్కుతున్నప్పుడు ఇంజన్ మరిగిపోతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడి, టెర్మినళ్లకు వాజలైన్ పూస్తే ఉప్పుగాలిని కొంతకాలం ఆపవచ్చు.

గురి సరిచూడటానికి సమతలమైన చోట గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో కారు నిలిపి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి, లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద సుద్దతో గీయండి. ఫాగ్ లైటు వెలుగు పై అంచు ఆ గీతకు కనీసం ఏడున్నర సెంటీమీటర్లు కిందనే ఆగాలి.

ప్రయాణానికి కనీసం వారం ముందు ఈ పని ముగించి, ఒక రాత్రి ఇంటి ముందే అన్ని లైట్లూ, వైపరూ వేసి, ఇంజన్‌ను ఐడిల్ కన్నా కొంచెం పైన ఇరవై నిమిషాలు నడపండి. బ్యాటరీ వద్ద వోల్టేజీ 12.6 కన్నా కిందికి జారితే ఛార్జింగ్ చాలడం లేదని అర్థం. ఫ్యూజునూ, రిలేనూ, తీగ పొడవునూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చదనం పర్వాలేదు, చేయి ఆనించలేనంత వేడి ఉంటే ఏదో జాయింటు వదులుగా ఉంది. ఒక కిలో పొడి నింపిన మంటలార్పే సిలిండరును డ్రైవరు సీటు కింద పెట్టుకోండి. బయలుదేరిన రాత్రి శృంగవరపుకోటలో టీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి మరొకసారి తాకి చూసి, అనుమానం కలిగితే అదనపు లైట్ల ఫ్యూజు పీకేసి, తెల్లవారేదాకా అక్కడే ఆగి, వెలుగులో కొండ ఎక్కండి.