అప్పు బ్యాంకు మారింది, దస్తావేజు మాయమైంది: ఎక్కడ పట్టుకోవాలి?

తిరుపతిలో మా బావ వడ్డీ తక్కువని ఇంటి అప్పును ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకున్నాడు. కొన్నాళ్లకు టాప్‌అప్, అంటే అదే ఇంటి మీద అదనపు అప్పు అడిగితే కొత్త బ్యాంకు మేనేజరు ఫైలంతా తిరగేసి, "మీ లింకు డాక్యుమెంటు ఒరిజినల్ మా దగ్గర లేదు" అన్నాడు. అంటే ఇల్లు అమ్మినవాళ్లకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు. పాత బ్యాంకుకు పరిగెత్తితే "అన్నీ పంపేశాం కదండీ" అన్నారు. ఆ రాత్రి బావ అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇల్లు ఎక్కడికీ పోదు. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఒకటో పుస్తకంలో ఉంటుంది. కానీ రేపు అమ్మాలన్నా, ఇంకో అప్పు తేవాలన్నా ఒరిజినల్ ఏదని అడుగుతారు. అది ఎవరి చేతిలో పోయిందో చెప్పే కాగితం మీ దగ్గర ఉండాలి. తిరగాల్సిందంతా దాని కోసమే.

సమస్య: పాత బ్యాంకు పంపామంటుంది, కొత్త బ్యాంకు రాలేదంటుంది

కారణం: చాలా బ్యాంకులు ఒరిజినల్స్‌ను బ్రాంచిలో ఉంచవు. వేరే ఊళ్లో ఒక స్టోరేజీలో పెడతాయి. టేకోవర్ జరిగినప్పుడు, అంటే అప్పు కొత్త బ్యాంకుకు మారినప్పుడు, కవరు అక్కడి నుంచి బ్రాంచికి, బ్రాంచి నుంచి కొత్త బ్యాంకు మనిషికి, అతని నుంచి వాళ్ల స్టోరేజీకి చేతులు మారుతుంది.

పరిష్కారం: అప్పు తీసుకున్నప్పుడు మీరిచ్చిన డాక్యుమెంట్ల జాబితా కాపీ తీయండి. బ్యాంకు వాళ్లు దాన్ని ఎల్‌ఓడీ అంటారు. లోన్ నంబరు, అప్పు ముగిసిన తేదీ, జాబితా రాసి రెండు బ్యాంకులకూ లెటర్లు ఇవ్వండి. మీ కాపీ మీద 'అందింది' అని సీలు వేయించుకోండి. కవరు కొత్త బ్యాంకుకు అప్పగించినప్పుడు తీసుకున్న రసీదు కాపీ పాత బ్యాంకును అడగండి. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడినా రికార్డుకు ఎక్కదు.

సమస్య: కవరు వచ్చింది, లోపల ఒకటి తక్కువ

మా కథ ఇదే. మేనేజరు టేబుల్ మీద కవరు విప్పి జాబితాతో ఒక్కొక్కటే సరిచూశాం. సేల్ డీడ్ ఉంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదులు ఉన్నాయి. జాబితాలో నాలుగో వరుస 'లింకు డాక్యుమెంటు, ఒరిజినల్'. కవర్లో ఉన్నది దాని జెరాక్స్. చేత్తో రాసిన పాత దస్తావేజు, వెనక వేలిముద్రలు నల్లటి మచ్చల్లా పడ్డాయి. కింద మూలన పాత బ్యాంకు సీలు: ఒరిజినల్‌తో సరిచూశాం అని. మాకు ఆ సీలే ఆధారమైంది. ఒరిజినల్ వాళ్ల దాకా వెళ్లిందని వాళ్ల సంతకమే చెబుతోంది.

లీగల్ ఒపీనియన్ కోసం బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ లాయరు దగ్గరికి వెళ్లిన కాగితం అక్కడే ఉండిపోవడమూ ఉంది, ముందు అక్కడ అడగండి. మాకు అక్కడా దొరకలేదు.

సమస్య: "మీరే పోలీస్ కంప్లయింట్ ఇచ్చేయండి సార్, తొందరగా అయిపోతుంది"

ఒప్పుకోకండి. 'నా దగ్గర పోయింది' అని మీరు సంతకం పెడితే తప్పు మీదవుతుంది, ఖర్చూ మీదవుతుంది. ఎవరి కస్టడీలో పోయిందో వాళ్లే కంప్లయింట్ ఇవ్వాలి, పేపర్లో ప్రకటన వేయించాలి.

రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన సర్క్యులర్ మీకు అండ. ఇంటి అప్పు లాంటి వ్యక్తిగత అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ అన్నీ తిరిగివ్వాలి, రిజిస్టర్ చేసిన తాకట్టునూ తీసేయించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. కాగితాలు పోయినా, పాడైనా నకళ్లు తెప్పించడంలో బ్యాంకే సాయం చేయాలి, ఖర్చు భరించాలి. అందుకు ఇంకో 30 రోజుల గడువుంది, అంటే పరిహారం లెక్క 60 రోజుల తర్వాత మొదలవుతుంది. కాగితాలు ఇవ్వాల్సిన తేదీ 2023 డిసెంబరు 1 లేదా ఆ తర్వాత అయితేనే ఇది వర్తిస్తుంది.

టేకోవర్‌లో పాత బ్యాంకు అప్పు తీరిపోయినట్టే, కాబట్టి రోజులు ఆ క్లోజర్ తేదీ నుంచి లెక్కపెట్టండి. కొత్త బ్యాంకు తీసుకున్నాక పోగొడితే సంగతి వేరు. అక్కడ అప్పు ఇంకా నడుస్తోంది, 30 రోజుల గడువు మొదలు కాలేదు. అయినా పోయిందని ఇప్పుడే రాయించుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఆ బ్రాంచిలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. వివరాలకు 14448. లెటర్ల మీద వేయించుకున్న సీళ్లు ఇక్కడ పనికొస్తాయి.

సమస్య: సర్టిఫైడ్ కాపీకి వెళ్తే నంబరు అడుగుతున్నారు

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ మమ్మల్ని చూసి నవ్వాడు. "నంబరు, సంవత్సరం లేకుండా వస్తే యాడని వెతికేది సార్? మీ సేల్ డీడ్ చదివినారా?" నిజమే, చదవలేదు. అమ్మినవాళ్లకు ఆస్తి ఎలా వచ్చిందో చెప్పేచోట లింకు దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు రాసే ఉన్నాయి.

అక్కడా లేకపోతే ఈసీ తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి ఆఫీసులోనే వెతికించాలి. దస్తావేజు ఏ ఆఫీసులో రిజిస్టరైందో చూసుకుని వెళ్లండి, మీ ఊరు ఇప్పుడు వేరే ఆఫీసు కిందికి వచ్చి ఉండొచ్చు. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, పాత కాగితాల మీద చిత్తూరు జిల్లా అని ఉంటే కంగారు పడొద్దు.

సమస్య: ఈసీలో పాత బ్యాంకు తాకట్టు ఇంకా కనిపిస్తోంది

ఎంఓడీని, అంటే ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి ఇల్లు తాకట్టు పెట్టినట్టు రాసిన పత్రాన్ని, రిజిస్టర్ చేయించి, అప్పు తీరాక రద్దు చేయించలేదు. నో డ్యూ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. బ్యాంకు అధికారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి రద్దు పత్రం రిజిస్టర్ చేయాలి. తాకట్టు ఆస్తులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో ఉన్న ఎంట్రీని కూడా తీసేయించమని అదే లెటర్లో రాయండి.

సమస్య: సర్టిఫైడ్ కాపీ చూపిస్తే కొనేవాళ్లు వెనకాడుతున్నారు

ఒరిజినల్ ఎక్కడో కుదువలో ఉందేమోనని వాళ్ల అనుమానం. అందులో తప్పులేదు, నేనైనా అడుగుతాను. సర్టిఫైడ్ కాపీతో పాటు బ్యాంకు లెటర్, పోలీసులు వెతికినా దొరకలేదని ఇచ్చిన సర్టిఫికెట్, పేపర్ ప్రకటన ఉన్న పేజీ మొత్తం, నోటరీ అఫిడవిట్, తాజా ఈసీ ఒకే ఫైల్లో పెట్టి చూపించండి.

మా బావకు చివరికి పాత బ్యాంకు లెటర్ ఇచ్చింది: 'మా కస్టడీలో ఉండగా కనిపించకుండా పోయినది' అని. ఆ సాయంత్రమే దాన్ని లామినేషన్ చేయించడానికి బయల్దేరాడు. గేటు దగ్గర ఆపాను. లామినేట్ చేస్తే సీలు, సంతకం అసలువో కావో చూసేవాళ్లకు కష్టమని చెప్పి, ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టించి, రెండు జెరాక్స్‌లు తీయించాను. ఒకటి నా బీరువాలో ఉంది.