మీ అమెరికా ఊళ్లో ఎవరెంతమంది? ఫ్రిస్కో ఉదాహరణతో జనాభా లెక్క చదవడం ఎలా?

"ఇక్కడ సగం మంది మనవాళ్లే బావా" అన్నాడు మా బావమరిది ఫోన్లో. టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉండే ఫ్రిస్కోలో వాడి కాపురం. గుడికి వెళ్తే తెలుగు, కిరాణా కొట్టుకి వెళ్తే తెలుగు, పిల్లల్ని స్కూలు దగ్గర దింపితే తెలుగు. వాడికి అలా అనిపించడంలో వింతేమీ లేదు. కానీ ఒక ఊరి జనంలో ఏ జాతివాళ్లు ఎంతమందో తేల్చడానికి కళ్లు చాలవు. అమెరికాలో జనాభా లెక్కలు తీసే ప్రభుత్వ సంస్థ సెన్సస్ బ్యూరో పట్టికలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి, చదవడం తెలిస్తే అరగంట పని. ఆ అరగంట ఎలా గడపాలో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఊరి హద్దు చూసుకోండి

చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది). పోస్టల్ అడ్రసులో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు నగర పరిధిలో ఉన్నట్టు కాదు. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ వేరే గీత: పక్కనున్న ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్‌లలోని కొన్ని ఇళ్లూ అందులోకి వస్తాయి. స్కూలు లెక్క, కౌంటీ లెక్క, నగరం లెక్క మూడూ మూడు రకాలు. వాటిని కలిపి వండితే పులిహోర అవుతుంది గానీ లెక్క అవదు. బ్యూరో వెబ్‌సైట్‌లో 'ఫ్రిస్కో సిటీ, టెక్సస్' అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

2. జవాబు కంటే ముందు ప్రశ్న చదవండి

'రేస్' అన్నదానికి మన భాషలో సరిగ్గా అతికే మాట లేదు. జాతి అంటే దేశమూ అవుతుంది, తెగా అవుతుంది, ఒక్కోసారి కులమూ అవుతుంది. మన దేశపు సెన్సస్‌లో మాతృభాష, మతం అడుగుతారు గానీ రేస్ అడగరు. అందుకే అమెరికా ఫారం చూస్తే మనకు కాస్త తికమక.

2020 ఫారంలో రెండు ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి. హిస్పానిక్ మూలాలు, అంటే మెక్సికోలాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలు, ఉన్నాయా అన్నది ఒకటి, రేస్ ఏమిటన్నది రెండోది. హిస్పానిక్ అన్నది ఆ లెక్కలో రేస్ కాదు. మెక్సికో మూలాలున్న మనిషి రెండో ప్రశ్నకు తెల్లజాతి అని రాయొచ్చు, 'మరో రేస్' అని రాయొచ్చు, రెండూ పెట్టొచ్చు. ఇరాన్, ఈజిప్టుల నుంచి వచ్చినవాళ్లు ఆ లెక్కలో తెల్లజాతి కిందికే వచ్చారు. మనం ఏషియన్‌లోకి వస్తాం, అందులో మనకు 'ఏషియన్ ఇండియన్' అనే గడి ఉంది.

ఈ గడి ఎప్పట్నుంచో ఉన్నది కాదు. 1930, 1940 సెన్సస్‌లలో మనవాళ్ల రేస్ పేరు 'హిందూ'. పంజాబ్ నుంచి వెళ్లి కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన సిక్కులు కూడా 'హిందూ'లే! 1970లో మనల్ని తెల్లవాళ్లలో కలిపేశారు. 1980లో గానీ 'ఏషియన్ ఇండియన్' గడి రాలేదు. మనిషి మారలేదు, పెట్టె మారింది. యాభై ఏళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

3. సరైన పట్టిక తీయండి

2020 సెన్సస్‌లో పి1 అనే పట్టిక రేస్‌ని మాత్రమే చూపిస్తుంది. పి2 పట్టికలో ముందు హిస్పానిక్‌లు ఒక వరుసగా, మిగతావాళ్లు రేస్ వారీగా వస్తారు. ఊరి ముఖచిత్రం కావాలంటే పి2 తీసుకోండి. పి1లో కనిపించే తెల్లవాళ్ల శాతానికి హిస్పానిక్ శాతం కలిపారనుకోండి, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది, మొత్తం వంద దాటిపోతుంది. పత్రికల్లో కూడా ఈ పొరపాటు చూశాను.

సెన్సస్ పదేళ్లకోసారి. మధ్యలో కావాలంటే ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఉంది. అందులో పి2కి సమానమైనది బి03002. ఏషియన్లలో ఇండియన్లు, చైనీయులు, వియత్నామీయులు విడిగా కావాలంటే బి02015 చూడండి. ఇండియాలో పుట్టినవాళ్ల సంఖ్య కావాలంటే బి05006. ఇండియన్ మూలాలు ఉండటం, ఇండియాలో పుట్టి ఉండటం ఒకటి కాదు. మా మేనల్లుడు మొదటిదాంట్లో ఉంటాడు, రెండోదాంట్లో ఉండడు.

4. శాతం పక్కన తలల సంఖ్య పెట్టుకోండి

ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2010కి 1,16,989. 2020కి 2,00,509. ఇరవై ఏళ్లలో దాదాపు ఆరు రెట్లు. ఇలా పెరిగే ఊళ్లో శాతాలు ఒక్కటే చూస్తే మోసపోతాం.

హిస్పానిక్ కాని తెల్లవాళ్లు 2010లో మూడింట రెండు వంతులు ఉండేవారు, 2020కి దాదాపు సగానికి వచ్చారు. "తెల్లవాళ్లు ఊరు ఖాళీ చేస్తున్నారు" అని దీనికి అర్థం చెప్పేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి: 1.17 లక్షల్లో మూడింట రెండు వంతులంటే 78 వేలు, రెండు లక్షల్లో సగమంటే లక్షకు దగ్గర. ఆ పదేళ్లలో వాళ్లూ పెరిగారు. మిగతావాళ్లు ఇంకా వేగంగా పెరిగారు, అంతే. ఏషియన్లు పదింట ఒక వంతు నుంచి నాలుగో వంతుకు వచ్చారు. తలల్లో చూస్తే నాలుగు రెట్లకు పైనే.

5. పోల్చే ముందు కొలబద్ద మారిందేమో చూడండి

అమెరికా మొత్తం మీద రెండు లేక అంతకన్నా ఎక్కువ రేస్‌లు రాసుకున్నవాళ్లు 2010లో 90 లక్షలు, 2020లో 3.38 కోట్లు. పదేళ్లలో అన్ని కులాంతర, జాత్యంతర పెళ్లిళ్లు జరిగి పిల్లలు పుట్టలేదు. 2020లో ప్రశ్న అడిగిన తీరు, జవాబులను వర్గాల కింద నమోదు చేసిన తీరు మారాయి, పెరుగుదలలో చాలా భాగం దానివల్లే. మీ ఊరి పట్టికలో ఈ వరుస ఒక్కసారిగా ఉబ్బితే ముందు దీన్నే అనుమానించండి. 2024 మార్చిలో మళ్లీ నిబంధనలు మార్చి, రెండు ప్రశ్నలనూ ఒకటి చేసి, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు విడిగా గడి ఇవ్వాలన్నారు. అది అమల్లోకి వస్తే 2030ని 2020తో పోల్చడానికి ఇంకో తలనొప్పి.

లెక్కలో తప్పిపోయినవాళ్ల సంగతీ ఉంది. 2020 సెన్సస్ దేశవ్యాప్తంగా హిస్పానిక్‌లను 4.99 శాతం తక్కువగా, ఏషియన్లను 2.62 శాతం ఎక్కువగా లెక్కించిందని బ్యూరో చేసిన తనిఖీలోనే తేలింది.

6. సర్వే అంకెకి తోకను చూడండి

కమ్యూనిటీ సర్వే కొద్దిమందిని అడిగి వేసే అంచనా. ప్రతి అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఉంటుంది, అంచనా అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే తోక అది. జనం దాన్ని చూడరు, టెన్షన్ ఎందుకని వదిలేస్తారు. ఉదాహరణకి ఒక వర్గం అప్పట్లో 5,000, తోక 1,200; ఇప్పుడు 5,900, తోక 1,300 అనుకుందాం. ఒక్కో తోకనీ దానితోనే గుణించి, రెండూ కలిపి, వర్గమూలం తీస్తే దాదాపు 1,770 వస్తుంది. తేడా 900 మాత్రమే, దానికంటే తక్కువ. పెరిగారని గట్టిగా చెప్పడానికి ఇది చాలదు.

ఐదేళ్ల సర్వే జవాబులు కలిపి ఇచ్చే అంచనాలను పోల్చేటప్పుడు సంవత్సరాలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. 2014–18ని 2019–23తో పోల్చండి, 2018–22తో 2019–23ని కాదు.

మన ఇళ్లలో జరిగేదొకటి: ఆరు నెలల వీసా మీద మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన అమ్మానాన్నలు సెన్సస్ లెక్కలోకి రారు. సర్వేలో మాత్రం రెండు నెలలకు మించి ఉండేవాళ్లను ఆ ఇంటివాళ్లుగానే రాస్తారు. హెచ్-1బి మీదున్నవాళ్లు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు రెండింట్లోనూ ఉంటారు.

7. తెలుగువాళ్లు కావాలంటే భాష పట్టికకి వెళ్లండి

రేస్ పట్టికలో తెలుగువాడు దొరకడు. ఇంట్లో మాట్లాడే భాష పట్టిక బి16001లో 2016 నుంచి తెలుగుకి సొంత వరుస ఉంది. చిన్న ప్రాంతాలకు ఈ పట్టిక దొరక్కపోవచ్చు, కౌంటీకో డాలస్ మెట్రోకో చూసుకోండి. కుదించిన పట్టికలో ఒక తమాషా: హిందీ 'ఇతర ఇండో యూరోపియన్' బుట్టలో పడుతుంది, తెలుగు 'ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల' బుట్టలో.

అడిగేది ఐదేళ్లు నిండినవాళ్ల గురించే. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్లాడు ఈ లెక్కలో తెలుగువాడు కాడు, వాడి పేరు వేంకటేశ్వర్లయినా సరే.

8. వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పాలంటే

ఊళ్లో ఇద్దరిని కళ్లు మూసుకుని ఎంచితే వాళ్లు వేర్వేరు వర్గాలవాళ్లు అయ్యే అవకాశం ఎంత? బ్యూరో దీన్ని డైవర్సిటీ ఇండెక్స్ అంటుంది. ఐదు వర్గాలు 50, 25, 12, 9, 4 శాతం ఉన్న ఊరు అనుకోండి. దశాంశాలుగా రాసి, ఒక్కోదాన్ని దానితోనే గుణించి కలపండి: 0.25, 0.0625, 0.0144, 0.0081, 0.0016. మొత్తం 0.3366. ఒకటిలోంచి తీసేస్తే 66 శాతం. 2020లో దేశం మొత్తానికి ఇది 61.1.

9. రాసేటప్పుడు

ఏ సంవత్సరం, ఏ పట్టిక, ఏ హద్దు అన్న మూడూ అంకెతోనే రాయండి. మా బావమరిదికి నేను పంపింది ఇది: "2020 సెన్సస్ పి2 ప్రకారం ఫ్రిస్కో నగర పరిధిలో ఏషియన్లందరూ కలిపి దాదాపు నాలుగో వంతు. అందులో ఇండియన్లు ఒక భాగం. అందులో మళ్లీ తెలుగువాళ్లు ఒక భాగం. సగం కాదురా."

కాసేపటికి జవాబొచ్చింది. "అయితే హనుమాన్ గుడి దగ్గర పార్కింగ్ ఎందుకు దొరకదు బావా?"

ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ వాళ్లందరూ అక్కడికే వస్తారు కాబట్టి. మొదటి అడుగు మళ్లీ చదవమన్నాను.