పాత ప్రేమపాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం ఎలా

1960ల నాటి ప్రేమపాట వెనుక కథ తెలుసుకోదలచినవారు ముందుగా ఆ పాట మీద ప్రచారంలో ఉన్న ముచ్చట్లన్నిటినీ పక్కన పెట్టి, దానిని ఎవరు రాశారో, ఎవరు స్వరపరచారో, ఏ సినిమాలో ఏ సందర్భానికి వాడారో నిర్ధారించుకోవాలి. వరంగల్ ప్రాంతం వారికి ఇందుకు తగిన ఉదాహరణ ‘నా కంటిపాపలో నిలిచిపోరా’. 1961లో వచ్చిన ‘వాగ్దానం’ కోసం దాశరథి కృష్ణమాచార్య రాసిన ఈ యుగళగీతాన్ని పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచగా ఘంటసాల, సుశీల పాడారు. దాశరథి సినీగీత రచన మొదలైనది ఈ చిత్రంతోనే.

ఆ రోజుల్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం దొరికితే సగం పని అయినట్టే. అందులోని కథాసంగ్రహం సరిగ్గా ఉత్కంఠ కలిగే చోట ఆగి, మిగతాది వెండితెరపై చూడమంటుంది గానీ, పాటల దగ్గర రచయితల, గాయకుల పేర్లు చాలావరకు ఉంటాయి. అది దొరకనప్పుడు సినిమా టైటిల్స్ చూడవచ్చు. అయితే గీతరచయితల పేర్లన్నీ ఒకేచోట వేసిన టైటిల్స్‌ను బట్టి ఏ పాట ఎవరిదో తేలదు, శైలిని బట్టి ఊహించడం మరింత ప్రమాదం. ఆత్రేయ దర్శకత్వం వహించిన ఈ ‘వాగ్దానం’లోనే ఘంటసాల పాడిన సీతాకల్యాణ హరికథ ఉంది, దానిని రాసినది శ్రీశ్రీ అని ముందే తెలియనివారు ఎంతమంది ఊహించగలరు? గ్రామఫోను రికార్డును, సినిమాలోని పాటను కూడా పక్కపక్కన పెట్టి వినాలి. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆనాటి రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూ మాత్రమే పట్టేది కనుక, కొన్ని పాటలకు ఈ రెండింటిలో సాహిత్యం తేడాగా ఉంటుంది.

తరువాత కవి జీవితంలోకి వెళ్లాలి. దాశరథి 1925లో పుట్టిన చిన్నగూడూరు పాత పుస్తకాలలో వరంగల్ జిల్లాగాను, 2016 తరువాతి రాతల్లో మహబూబాబాద్ జిల్లాగాను కనిపిస్తుంది; రెండూ సరైనవే. నిజాం పాలనను ధిక్కరించి నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన ఈ కవి ఉర్దూ కవి గాలిబ్‌ను తెలుగు చేసినవాడు కూడా కావడంతో, ఈ పాటలోని కంటిపాపను ఉర్దూ గజల్ నుంచి తెచ్చుకున్నాడని చెప్పాలనిపిస్తుంది. కానీ కంటిపాప మన జానపదులకు కొత్తదేమీ కాదు. పోలిక కనిపించినంత మాత్రాన అది ఆధారం కాదు. నాకైతే ‘నీ వెంట లోకాల గెలువనీరా’ అన్న రెండో పాదమే ఎక్కువ ఆసక్తికరం, ఎందుకంటే ప్రియుడిని చేరి ఒదిగిపోవడం గాక అతని వెంట నడిచి లోకాలు గెలవాలని కోరే నాయిక ఆనాటి యుగళగీతాలలో అరుదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కనుక, రాసేటప్పుడు అలాగే చెప్పాలి.

బాణీ ముందా, మాట ముందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పల్లవిని రాగం లేకుండా చదివి మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి గానీ సున్న ఉన్న అక్షరానికి గానీ రెండు) లెక్కించాలి. ‘నా కంటి, పాపలో, నిలిచిపో’ అన్నవి ఒక్కొక్కటి ఐదు మాత్రలు, చివరి ‘రా’ రెండు. ‘నీ వెంట, లోకాల, గెలువనీ, రా’ అన్న పాదానికి కూడా అదే లెక్క. ఇంత నిక్కచ్చి ఖండగతి, అంటే ఐదేసి మాత్రల నడక, ఛందస్సు వంటబట్టిన కవికి సహజమే అయినా, కట్టిన బాణీకి మాటలు కూర్చినా ఇదే లెక్క రావచ్చు గనుక, సంగీత దర్శకుడో కవో స్వయంగా చెప్పినది దొరికేవరకు తీర్పు ఇవ్వకూడదు.

అలా చెప్పిన మాటల కోసం పాత వార, మాస పత్రికలు తిరగేయాలి. 1904లో ఏర్పడిన హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి పాత గ్రంథాలయాలలో అడిగి చూడవచ్చు. పెద్దల దగ్గరకు వెళ్లినప్పుడు రచయిత ఎవరని కాకుండా, “ఈ పాట మొదలు ఎక్కడ విన్నరు పెద్దనాయినా, సినిమాలనా, రేడియోలనా?” అని అడిగితే జ్ఞాపకం తెరుచుకుంటుంది. సంవత్సరం మాత్రం వారి పెండ్లితోనో, పెద్దబిడ్డ పుట్టుకతోనో సరిచూసుకోవాలి. ఒకే సంఘటనను ఒకరు ఈ పాటకు, మరొకరు ఇంకో పాటకు ముడిపెట్టి చెబితే, దానిని కథలో కలపకుండా, చెప్పినవారి పేరు, తేదీ వేసి విడిగా ఉంచాలి.