ధ్వని పరీక్ష, పాఠం 6: పవర్ కేబుల్ మార్చినప్పుడు నిజంగా మారినదేమిటి?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చాలామందిని పెడదారి పట్టించింది. అందులో నా పొరపాటే ఎక్కువ. ఆంప్లిఫయర్ పవర్ కేబుల్ తీసి మరొకటి తగిలించి వినమన్నాను గానీ, ఆ రెండోది ఎలాంటిదై ఉండాలో చెప్పలేదు. దాంతో పలువురు ఒకే మాట రాశారు: కొత్త కేబుల్‌తో వెనక నుంచి వచ్చే గుయ్యిమనే రొద పోయి పాట తేటపడిందట. రొద పోయి ఉండవచ్చు, కాదనను. అయితే ఆ కేబుళ్లు దాదాపు అన్నీ రెండు పిన్నులవి, అంటే మూడోదైన ఎర్త్ పిన్ను లేనివి. స్పీకర్ల అమరికను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

ఆంప్లిఫయర్‌లో ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్, దాన్ని నిలవ చేసే కెపాసిటర్ల సంగతి లోగడ చెప్పుకున్నదే కనుక, కేబుల్ తీగ వల్లే పాట మారగలదా అన్న లెక్కకు నేరుగా వస్తాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.0115 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 2 మీటర్ల కేబుల్‌లో రానూపోనూ 4 మీటర్లు, అంటే 0.046 ఓమ్‌లు. 1 ఆంపియర్ కరెంటుకు తగ్గేది 0.05 వోల్టు లోపే. రెక్టిఫయర్ కరెంటును విడివిడి గుక్కల్లో తాగుతుంది కాబట్టి ఆ క్షణాల్లో ఇంకొన్ని రెట్లు తగ్గుతుందనుకున్నా, 230 వోల్టుల సరఫరా మామూలుగా పడే ఊగిసలాట ముందు అది లెక్కలోకి రాదు.

మరి రొద ఎలా పోయింది? ఆంప్లిఫయర్ తన మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. టీవీ కూడా తన ప్లగ్ ద్వారానో, యాంటెన్నా తీగ పైతొడుగు ద్వారానో మరోచోట ఎర్త్‌కు కలిసి ఉండవచ్చు. ఈ రెండింటి మధ్య ఆడియో తీగ తగిలించగానే దాని తొడుగు గుండా వలయం పూర్తవుతుంది. రెండు ఎర్త్‌ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడా ఆ వలయంలో 50 హెర్ట్జ్ కరెంటును తిప్పుతుంది, ఆ కరెంటు పాటతో కలిసి రొదగా వినబడుతుంది. రెండు పిన్నుల కేబుల్ ఈ వలయాన్ని తెంచింది. అదే తెంపులో మీ రక్షణనూ తెంచింది. లోపల ఫేజ్ తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేనప్పుడు ఫ్యూజు చెక్కుచెదరదు, పెట్టె 230 వోల్టులతో మీ చేతి కోసం కాచుకుని ఉంటుంది. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చతురస్రంలో చతురస్రం గుర్తున్న, అంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్న పరికరాలు రెండు పిన్నులతోనే తయారవుతాయి, వాటికి ఈ భయం లేదు. మిగతావాటి జోలికి పోకండి.

రొద మూలాన్ని పట్టుకోవడానికి వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి ఆడియో తీగలను ఒక్కొక్కటే తీయండి, తీసిన ప్రతిసారీ వాల్యూమ్‌ను మునుపటి గుర్తు దాకా పెంచి వినండి. ఏది తీస్తే రొద ఆగుతుందో వలయం ఆ దారినే ఉంది. పరికరాలన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆడియో తీగ దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల తీగలు కలవకుండానే పాటను దాటించేది) పెట్టాలి. తీగలన్నీ తీసినా రొద వస్తుంటే ఆంప్లిఫయర్‌ను మెకానిక్‌కు చూపించండి. ఇంకొకటి: కొత్త కేబుల్ గురించి ఆలోచించే ముందు నేను స్విచ్ ఆపి, పాతదాన్నే నాలుగైదుసార్లు తీసి పెడతాను. వదులైన, చిలుము పట్టిన పిన్నుల చిటపటలు దానితోనే పోతుంటాయి.

అభ్యాసం ఈసారి కఠినం. రెండూ మూడు పిన్నుల కేబుళ్లే తీసుకోండి. సహాయకుడు మీకు కనబడకుండా నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి తగిలించాలి. అదే కేబుల్ మళ్లీ వచ్చినా తీసి పెట్టాల్సిందే, లేకపోతే పట్టే సమయమే గుట్టు విప్పుతుంది. వాల్యూమ్ మీటను టేపుతో అంటించి, ఒకే 20 సెకన్ల పాట ముక్కను 16 సార్లు విని, ఏ కేబులో ప్రతిసారీ రాసుకోండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరిపోవడం ఊరికే ఊహించినా నూటికి 4 సార్ల లోపు జరుగుతుంది, కాబట్టి అన్ని వచ్చినవారు మరునాడు మరో 16 సార్లు చేసి రెండు పట్టికలూ పంపండి. 11 దగ్గర ఆగినవారు 17వ సారి వినకూడదు.