అంబాసిడర్‌కి డీజిల్ ఇంజన్ ఎక్కించే ముందు

ఆటోనగర్ షెడ్డులో ఇంజన్ స్టార్టవగానే అందరూ చప్పట్లు కొడతారు. నా అంబాసిడర్‌కి మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజన్ ఎక్కించినప్పుడూ కొట్టారు. బండి ముక్కు మూడు వేళ్ళ మందం కిందికి దిగిందని ఎవరూ చూడలేదు. ఎల్బీనగర్ దగ్గర యూటర్న్ తిప్పగానే టైరు మడ్‌గార్డుకి రాసుకుని రబ్బరు కంపు కొట్టింది.

అందుకే ముందు తూకం వేయించండి. దించిన పెట్రోల్ ఇంజన్‌నీ ఎక్కించబోయే డీజిల్‌నీ పాతసామాన్ల కొట్టు కాటా మీద పెట్టించండి. అంబాసిడర్ ముందు చక్రాలకి కాయిల్ స్ప్రింగులుండవు, టార్షన్ బార్లే, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా బరువు మోసే ఉక్కు కడ్డీలు. వాటిని తిప్పి బిగిస్తే బండి ఎత్తుగా నిలబడుతుంది గానీ బారు బలం పెరగదు. "సెట్టింగ్ చేసేశా సార్" అని మేస్త్రీ అంటే నమ్మకండి.

బ్రేకులు ఇంకా ముఖ్యం. పాత బళ్ళకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు బూస్టరున్న బండైతే ఇంకో చిక్కు: పెడల్ తేలిగ్గా దిగేలా చేసే ఆ బూస్టర్ వాక్యూమ్‌తో (గాలి లాగే శక్తితో) పనిచేస్తుంది, డీజిల్ ఇంజన్ మానిఫోల్డులో, అంటే గాలి లోపలికెళ్ళే గొట్టంలో, సాధారణంగా అది రాదు. వాక్యూమ్ పంపు లేకపోతే రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుస్తుంది.

ఎత్తేటప్పుడు చైన్ పుల్లీ కొక్కేన్ని ఇంజన్‌కున్న లిఫ్టింగ్ కొక్కేలకే తగిలించండి. వేపకొమ్మకి కట్టి లాగే తెలివితేటలు వద్దు. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది, దాని పక్కన వెల్డింగ్ పెట్టించకండి. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపు లీకుని వేలితో వెతకొద్దు, అందులో ప్రెషర్ 100 బార్ దాటుతుంది. చర్మంలోంచి దూసుకుపోతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు చేతిలో ఒక చెక్కపలక ఉండాలి. పాత డీజిల్ ఇంజన్ తన ఆయిలే తాగుతూ రెచ్చిపోతే తాళం తీసినా ఆగదు. గాలి పీల్చే మూతి మీద పలక అదిమి పట్టాలి. గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది, చెయ్యి పెట్టే మాటే వద్దు.

కాగితాలు తర్వాత చూద్దామనుకోకండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఏ అనుమతి ముందే కావాలి. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి అంతకన్నా సాకు అక్కర్లేదు. బండికి 50 ఏళ్ళు దాటాయా, అయితే ఇంకోసారి ఆలోచించండి: 2021 నిబంధనల్లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అసలు రూపంలో ఉన్న బళ్ళకే.

వంద కిలోమీటర్లు తిరిగాక మౌంటింగ్ బోల్టులు మళ్ళీ బిగించండి. నా బండికి ఒకటి పానా అక్కర్లేకుండా వేళ్ళతోనే తిరిగింది.