పాత పోర్షె 911కి మలుపుల్లో పట్టు – 3వ పాఠం: వెనక టోర్షన్ బార్, పళ్ళ లెక్క

పోయిన పాఠంలో ముందు వైపు 18.8 మి.మీ. టోర్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) తీసి 21 మి.మీ.వి ఎక్కించాం. బండిని అలాగే వదిలేయకండి. ముందు గట్టిపడి వెనక మెత్తగా ఉంటే మలుపులో ముక్కు బయటికి జారుతుంది. అలాగని వెనక ఒక్కటే గట్టి చేయడం ఇంకా ప్రమాదం. ఇంజిన్ వెనక ఇరుసును దాటి ఉండటంతో దాదాపు 60 శాతం బరువు అక్కడే పడుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే తోక తిరగడం ఈ బండికి పుట్టుకతో వచ్చిన గుణం. రెండు వైపులా కలిపి మార్చాల్సిందే.

బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 18.8 నుంచి 21కి మారితే 56 శాతం, వెనక 23 నుంచి 26కి మారితే 63 శాతం. రోడ్డు మీద తిరిగే బండికి ఈ జత చాలు. ముందు 22, వెనక 28 పెడితే గతుకుల రోడ్డులో చక్రం నేలను సరిగా అంటిపెట్టుకోదు. ఆ జత ట్రాక్‌కి వదిలేయండి. వెనక బార్ కొలత మోడల్ ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి, కొనేముందు మీ బార్‌ని నడిమి భాగంలో వెర్నియర్‌తో కొలవండి.

విప్పడం. బండి చదునైన నేల మీద ఉండగానే రెండు వైపులా చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు, స్ప్రింగ్ ప్లేట్ (బార్ బయటి కొసను చక్రం ఆర్మ్‌కి కలిపే ఉక్కు పట్టీ) కోణం రాసుకోండి. తర్వాత బండిని స్టాండ్ల మీద నిలిపి చక్రాలు తీయండి. ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) కింద జాకీ పెట్టి షాక్ అబ్జార్బర్ కింది బోల్టు, యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింకు విప్పండి. ప్లేటు ఆర్మ్‌ని కలిసేచోట సూదిమొనతో గీత గీయండి. ఆ గీత లేకపోతే టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) రెండూ పోయినట్టే.

ప్లేటు కింద ఒక ఆపు గట్టు ఉంటుంది. బార్ మెలి ప్లేటును దాని మీదికి బలంగా అదుముతూ ఉంటుంది. చెక్కముక్క వేసి జాకీతో ప్లేటు కొసను కొంచెం లేపి, కవర్ బోల్టులు విప్పి, ప్లేటును గట్టు దాటేంత బయటికి లాగి, జాకీని నెమ్మదిగా దించండి. ఈ సమయంలో చేతులు ప్లేటుకి, గట్టుకి మధ్య పెట్టకండి. జాకీ జారితే వేళ్ళు నలుగుతాయి.

ఇప్పుడు ప్లేటు స్వేచ్ఛగా వేలాడుతుంది. డిజిటల్ కోణమానిని మొదట డోర్ కింది సిల్ మీద పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత ప్లేటు మీద పెట్టండి. చాలామంది సిల్‌ని వదిలేసి నేరుగా ప్లేటు కొలుస్తారు. స్టాండ్ల మీద బండి ఒక డిగ్రీ వాలి ఉన్నా లెక్కంతా ఆ మేరకు తప్పుతుంది.

స్వేచ్ఛగా ఉన్నప్పుడు 38 డిగ్రీలు, నేల మీద ఉన్నప్పుడు 2 డిగ్రీలు వచ్చాయనుకుందాం. అంటే పాత బార్ మెలి 36 డిగ్రీలు. కొత్తది 1.63 రెట్లు గట్టిది, అదే బరువుకి 22 డిగ్రీలే మెలిపడుతుంది. ఎత్తు మారకూడదంటే స్వేచ్ఛా కోణం 24 ఉండాలి, అంటే 14 డిగ్రీలు తగ్గించాలి.

బార్ లోపలి కొసకు (బండి బాడీలో కూర్చునేది) 40 పళ్ళు, బయటి కొసకు (ప్లేటు ఎక్కేది) 44. లోపల ఒక పన్ను 9 డిగ్రీలు, బయట ఒక పన్ను 8.18. లోపల ఒకటి అటు, బయట ఒకటి ఇటు తిప్పితే 0.82 డిగ్రీ తేడా వస్తుంది. ఎంత చిన్న సర్దుబాటైనా ఈ తేడాలోంచే రావాలి. మనకు కావలసిన 14కి ప్లేటుని బయటి పళ్ళ మీద 5 పళ్ళు పైకి జరపండి (40.9), బార్‌ని లోపల 3 పళ్ళు కిందికి తిప్పండి (27). వచ్చేది 13.9. బార్ నడిమి నుంచి చక్రం నడిమికి ముందు–వెనక దూరం 400 మి.మీ. ఉంటే, 0.82 డిగ్రీ అంటే చక్రం దగ్గర దాదాపు 6 మి.మీ. ఎత్తు.

బార్ కొసన ఎడమా కుడా అన్న గుర్తు చూసి ఎక్కించండి. ఒకే వైపు మెలిపడేలా తయారు చేసినవి కాబట్టి తారుమారు చేస్తే విరగొచ్చు. నడిమి భాగం పెయింట్ మీద గీత పడనివ్వకండి, పగులు అక్కడే మొదలవుతుంది. పళ్ళకు లిథియం గ్రీజు రాయండి. రబ్బరు బుష్‌కి మాత్రం గ్రీజు వద్దు, అది ఉబ్బిపోతుంది. సబ్బునీళ్ళు చాలు.

బిగించేటప్పుడు కవర్ బోల్టులు కొత్త బుష్ మందం వల్ల గాడి అందుకోవు. రెండు పొడవు బోల్టులతో ఎదురెదురుగా లాగి, మిగతావి పట్టాక వాటిని మార్చుకోండి. పాత షాక్ అబ్జార్బర్లు ఈ బార్‌కి సరిపోవు. రీబౌండ్ (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు షాక్ అబ్జార్బర్ దాన్ని ఆపే బలం) తక్కువగా ఉంటే గతుకు దాటాక తోక రెండు మూడుసార్లు ఊగుతుంది.

150 కి.మీ. నడిపాక ఎత్తు మళ్ళీ కొలవండి, కొత్త బార్ కాస్త కుదురుకుంటుంది. అలైన్‌మెంట్ అప్పుడే చేయించండి. వెనక టో కొద్దిగా లోపలికే ఉండాలి, బయటికి తిరిగితే యాక్సిలరేటర్ వదలగానే తోక అదుపు తప్పుతుంది. రెండు పక్కల ఎత్తులు రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి ఎదురు మూలల బరువు సరిచేస్తాం, అక్కడ ఈ అంకెలు కావాలి.